సెర్దాన్ అనే ఇంటిపేరు

మన మాసపత్రికలో యాత్రావ్యాసాలు తరచు పడుతూనే ఉంటాయి. కాశీకో రామేశ్వరానికో వెళ్ళివచ్చినవారు అక్కడి సత్రాల సంగతులు, రైలు వేళలు వివరంగా రాస్తారు. మేమూ వాటిని కత్తిరించి దాచుకుంటాము. ఈసారి మేము వెళ్ళినచోట గుడీ లేదు, సత్రమూ లేదు. ఫ్రాన్సు దేశానికి దక్షిణపు కొసన ఉన్న పెర్పిన్యాన్ పట్టణంలో ఒక శ్మశానం అది. మేము చూడబోయిన సమాధి ఒక బాక్సింగు వీరునిది. ఆయన పేరు మార్సెల్ సెర్దాన్. యానాంలో గుమాస్తాపని చేసుకునే మాకు, ప్రావిడెంటు ఫండులో అప్పు తీసి మరీ అంతదూరం పోయి, ఎన్నడూ చూడని ముష్టియోధునికి దణ్ణం పెట్టవలసిన పని ఏమొచ్చిందని పాఠకులు అడగవచ్చు. అదే మనవి చేసుకుంటున్నాము.

మా తాతగారు ఫ్రెంచివారి రోజుల్లో యానాం కచేరీలో చిన్న ఉద్యోగి. ఆయన ఇనప్పెట్టెలో దస్తావేజుల అడుగున, ఏదో ఫ్రెంచి పత్రికలోంచి కత్తిరించిన బొమ్మ ఒకటి ఉండేది. పొట్టి లాగు, చేతులకు తోలు తొడుగులు, దెబ్బలు తిని అణగిన ముక్కు, పైన చిన్నపిల్లవాడి నవ్వు. మా చిన్నతనంలో మేము ఆయన్ని మా చుట్టాలలో ఎవరో అనుకునేవాళ్ళము. 1948లో యానాం ఇంకా ఫ్రెంచివారి కిందనే ఉంది. పుదుచ్చేరి నుంచి టపాలో వారాలకొద్దీ ఆలస్యంగా వచ్చే పత్రికలు చదువుకొని, తాతగారూ ఆయన తమ్ముడూ గౌతమి గట్టున కూర్చుని, సెర్దాన్ ఆడిన పోటీలను రౌండు రౌండుగా మళ్ళీ ఒకరికొకరు చెప్పుకునేవారట. ఎప్పుడూ సెర్దాన్ వేషం చినతాతగారిది. తాతగారు ఓడిపోయేవాడు.

1954 నవంబరు 1న యానాం పరిపాలన మన దేశం చేతికి వచ్చింది. 1962 ఆగస్టు 16న ఒప్పందం చట్టరీత్యా అమలైనప్పుడు, ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోదలచినవారు ఆరు నెలలలోగా రాసి ఇవ్వాలన్నారు. చినతాతగారు రాసి ఇచ్చారు. తాతగారు ఇవ్వలేదు. ఆ ఆరు నెలల్లో అన్నదమ్ముల నడుమ ఏ మాటలు దొర్లాయో మా ఇంట్లో ఎవరూ పూర్తిగా చెప్పలేదు. చినతాతగారు భార్యాపిల్లలతో ఓడ ఎక్కారు. ఆ తరువాత ముప్పై ఏళ్ళు దాటినా ఇటునుంచి అటు గాని, అటునుంచి ఇటు గాని ఒక కార్డు ముక్క పోలేదు.

1990ల నడుమ, మేము హైస్కూలులో ఉండగా, ఒకనాడు ఫ్రాన్సు నుంచి ఉత్తరం వచ్చింది. తెలుగులోనే ఉంది. క్షేమసమాచారాలు రెండు వాక్యాలు. ఆ తరువాత ఇలా ఉంది: "అన్నయ్యా, మన మార్సెల్‌ను కాసాబ్లాంకా శ్మశానం నుంచి తీసుకువచ్చి ఇక్కడ పెర్పిన్యాన్‌లో పెట్టారు. ఎముకలు కూడా ఊరు మారతాయి కాబోలు." తాతగారు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, మడిచి, ఇనప్పెట్టెలో ఆ బొమ్మ కిందనే పెట్టారు. జవాబు రాయలేదు. 1997లో ఆయన పోయారు. మరి కొన్నేళ్ళకు చినతాతగారూ పోయారని తెలిసింది.

చినతాతగారి కుమారుడు, వరుసకు మా బాబాయి, డెబ్బై దాటిన మనిషి, పారిస్ శివారులో ఉంటున్నారు. "నేను పోయేలోగా ఒక్కసారి రండిరా" అని నాలుగేళ్ళుగా ఫోనులో అడుగుతున్నారు. 2023 అక్టోబరులో సెలవు దొరికింది. వీసా కాగితాలకు మూడు నెలలు తిరిగిన సంగతీ, విమానంలో మా ఇంటావిడ ఆవకాయ సీసా పడ్డ పాట్లూ ఇక్కడ అనవసరం. విమానాశ్రయంలో బాబాయి మమ్మల్ని చూచి, "పెద్దనాన్న నడకే నీది" అన్నారు. పదకొండో ఏట ఊరు విడిచిన ఆయన తెలుగు, మా వీధిలో ఇప్పుడు మాట్లాడే తెలుగుకంటె పాతది. మేము మరచిన మాటలు ఆయన నోట వింటూ ఉంటే, మేము పరదేశం వచ్చామో తాతల కాలానికి వెళ్ళామో తెలియలేదు.

మరునాడు ఏమి చూస్తారని అడిగారు బాబాయి. ఈఫిల్ గోపురం అంటామనుకున్నారు. మేము పెట్టెలోంచి ఆ పాత బొమ్మ తీసి చూపించాము. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు ఊరుకున్నారు. "అయితే ముందు లవల్వా పోదాం పదండి" అన్నారు.

పారిస్‌ను ఆనుకొని ఉన్న లవల్వాలో పెద్ద క్రీడామందిరానికి మార్సెల్ సెర్దాన్ పేరు పెట్టారు. ఈమధ్య ప్రపంచమంతా పేరు తెచ్చుకొన్న బాస్కెట్‌బాల్ ఆటగాడు వెంబన్యామా, అమెరికా పోకముందు 2022-23లో ఆడింది ఈ మందిరంలోనే. బయట కుర్రవాళ్ళు బంతి ఎగరేసుకుంటూ పోతున్నారు. వారిలో ఒకణ్ణి బాబాయి ఆపి, "ఈ సెర్దాన్ ఎవరయ్యా?" అని ఫ్రెంచిలో అడిగారు. వాడు తలెత్తి అక్షరాలు చూచి, భుజాలు ఎగరేసి, "ఈ మందిరం పేరండీ" అన్నాడు. బాబాయి నవ్వారు. ఆ పక్కనే బెంచీ మీద కూర్చుని ఆ మనిషి కథ మొదటినుంచీ చెప్పుకొచ్చారు. కొంత మాకు తెలిసినదే, కొంత చినతాతగారు ఆయనకు చెప్పినది.

సెర్దాన్ ఫ్రాన్సులో పుట్టలేదు. 1916 జులై 22న అల్జీరియాలోని సీదీ బెల్ అబ్బెస్‌లో పుట్టాడు. అప్పుడు అది ఫ్రెంచివారి పాలనలో ఉన్న దేశం. ఆయన కుటుంబం స్పెయిన్ మూలం కలది. అతడు పసివాడుగా ఉండగానే వారు మొరాకోలోని కాసాబ్లాంకాకు తరలిపోయారు. తండ్రి పట్టుబట్టి కొడుకులందరిచేతా బాక్సింగు చేయించాడు. మార్సెల్‌కు కాలిబంతి ఆట మీద మోజు. అది బాగానే ఆడేవాడు కూడా. కాని తండ్రి మాటే నెగ్గింది. 1934లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, మెక్నెస్ పట్టణంలో డబ్బు పుచ్చుకొని మొదటి పోటీ ఆడాడు. లూసియెన్ రూప్ అనే ఆయన అతని వ్యవహారాలు చూచేవాడు. 1938లో ఒమర్ కుయిద్రీని ఓడించి వెల్టర్‌వెయిట్ తరగతిలో ఫ్రాన్సు విజేత అయ్యాడు. 1939 జూన్‌లో మిలాన్ నగరానికి పోయి, ఇటలీవాడు తురియెల్లోను అతని సొంత జనం మధ్యనే గెలిచి ఐరోపా విజేత అయ్యాడు. మూడు నెలలు తిరక్కుండా యుద్ధం వచ్చి పడింది.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. పత్రికలవారు అతనికి పెట్టిన ముద్దుపేరు "మొరాకో బాంబరు". పుట్టింది అల్జీరియాలో, వంశం స్పెయిన్‌ది, జెండా ఫ్రాన్సుది, పేరు మొరాకోది. నీదేవూరని అడిగితే ఏమి చెప్పేవాడో! మన పాఠకులకు ఈ చిక్కు కొత్తది కాదు. షోలాపూరులో ఉన్నవాణ్ణి ఆంధ్రావాడంటారు. ఆంధ్రకు పోతే షోలాపూరువాడంటారు.

ఆ మధ్యాహ్నం బాబాయి మమ్మల్ని సేన్ నది గట్టుకు, బీర్ హకీమ్ స్టేషను దగ్గరకు తీసుకుపోయారు. అక్కడ ఒకప్పుడు "వెల్ దివ్" అనే పెద్ద మందిరం ఉండేది. సైకిలు పందాలకు కట్టినది గాని బాక్సింగు పోటీలూ అందులోనే జరిగేవి. 1959లో పడగొట్టారు. సెర్దాన్ పారిస్‌లో పేరు తెచ్చుకున్నది ఆ చూరు కిందనే. 1942 సెప్టెంబరు 30న, జర్మన్లు పారిస్‌ను ఆక్రమించుకొని ఉన్న కాలంలో, స్పెయిన్ వీరుడు ఫెరర్‌ను మొదటి రౌండులోనే పడగొట్టాడు.

ఈ ముచ్చట విని మేము ఉత్సాహపడుతున్నాము. బాబాయి మా చెయ్యి పట్టుకొని నదివైపు ఉన్న ఒక శిల్పం దగ్గరకు నడిపించారు. కింద కూర్చున్న మనుషులు. పక్కన మూటలు, పిల్లలు. అదే సంవత్సరం జులై 16, 17 తేదీలలో ఫ్రెంచి పోలీసులు పారిస్‌లోనూ శివార్లలోనూ సుమారు 13,000 మంది యూదులను పట్టుకున్నారు. అందులో కుటుంబాలుగా ఉన్న దాదాపు 8,000 మందిని, పిల్లలే సగానికి పైగా, ఆ మందిరంలోనే కుక్కి రోజుల తరబడి ఉంచి, అక్కడినుంచి చావు శిబిరాలకు పంపించారు. రెండున్నర నెలలకు అదే మందిరంలో జనం టిక్కెట్లు కొనుక్కొని బాక్సింగు చూచారు. చేసినది ఫ్రెంచి ప్రభుత్వమేనని దేశాధ్యక్షుడు షిరాక్ ఇక్కడ నిలబడి ఒప్పుకోవడానికి 1995 దాకా పట్టింది. సెర్దాన్ చేసిన తప్పు ఇందులో ఏమీ లేదు. అయినా ఆ శిల్పం ముందు నిలబడ్డాక, ఆ మొదటి రౌండు విజయం గురించి మళ్ళీ మాట్లాడబుద్ధి కాలేదు. తాతగారి బొమ్మలో ఈ సంగతి లేదు మరి.

యుద్ధం ముగిశాక సెర్దాన్ ఒక మెట్టు పైకి, మిడిల్‌వెయిట్ తరగతికి మారాడు. అనగా 160 పౌన్లు, 72 కిలోలు పైచిల్లర. 1946 డిసెంబరులో న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జార్జీ ఏబ్రమ్స్‌ను గెలిచాడు. అతని చేతులు సుకుమారమైనవని చెబుతారు. కొట్టిన దెబ్బకు తన చెయ్యే దెబ్బతినేదట. 1947 అక్టోబరులో షికాగోలో ఆంటన్ రాదిక్ చేతిలో చివరి రౌండులో మూడుసార్లు కింద పడి, మూడుసార్లూ లేచి, అంతకుముందు సంపాదించిన పాయింట్ల మీద గట్టెక్కాడు. 1948 మే నెలలో బ్రసెల్స్‌లో బెల్జియంవాడు దెలన్వాకు ఐరోపా బిరుదు పోగొట్టుకొని, జులైలో అక్కడికే తిరిగి పోయి మళ్ళీ తెచ్చుకున్నాడు. అప్పటికి అతనికి ముప్పై రెండేళ్ళు. ఇక అయిపోయాడన్నవారే ఎక్కువ.

అలాంటి సమయంలో, 1948 సెప్టెంబరు 21న, న్యూయార్కు పక్కనే జెర్సీ సిటీలో ప్రపంచ విజేత టోనీ జేల్‌ను ఎదుర్కొన్నాడు. జేల్ ఉక్కు కర్మాగారాల ఊరు గేరీలో పుట్టినవాడు. "ఉక్కు మనిషి" అనే పేరుంది. ఆ జూన్‌లోనే గ్రేజియానోను పడగొట్టి బిరుదు తిరిగి సంపాదించాడు. ఫ్రాన్సులో అది తెల్లవారుజాము. జనం రేడియోల దగ్గర మేలుకొని ఉన్నారు. సెర్దాన్ మొదటినుంచీ వెనుకాడలేదు. దగ్గరగా జరిగి, పొట్టకూ దవడకూ మార్చి మార్చి కొడుతూ పోయాడు. పదకొండో రౌండు చివర ఎడమచేతి దెబ్బ ఒకటి తగిలి జేల్ కుప్పకూలాడు. గంట మోగింది గాని పన్నెండో రౌండుకు లేవలేకపోయాడు. ప్రపంచ బిరుదు సెర్దాన్‌ది. తిరిగివచ్చినప్పుడు పారిస్ వీధులు జనంతో నిండిపోయాయి. మా యానాంకు ఆ వార్త ఎన్ని వారాలకు అందిందో గాని, ఆ రాత్రి చినతాతగారు గౌతమి గట్టున కేకలు వేసుకుంటూ పరుగెత్తారనీ, తాతగారు వెనక చెప్పులు పట్టుకొని నడిచారనీ మా నాయనమ్మ చెప్పేది.

మూడోనాడు పేర్ లాషేజ్ శ్మశానానికి వెళ్ళాము. ఫ్రాన్సు గాయని ఎదిత్ పియాఫ్ సమాధి అక్కడ ఉంది. ఆమె 1963 అక్టోబరులో పోయింది. తండ్రి, రెండేళ్ళ వయసులో పోయిన కూతురు, ఆఖరి భర్త కూడా అక్కడే ఉన్నారు. అన్ని సమాధులలోకీ దీనిమీదే పూలు ఎక్కువ. సెర్దాన్ జీవితపు చివరి రెండేళ్ళ కథ ఈమెతో ముడిపడి ఉంది. వారి ప్రేమ లోకానికంతటికీ తెలిసినదే.

మా ఇంటావిడ అంతా విని, "ఈయనకి పెళ్ళాం పిల్లలూ లేరా?" అని అడిగింది.

"లేకేం అమ్మాయి, కాసాబ్లాంకాలో ఉన్నారు. మారినెత్ అని భార్య. ముగ్గురు మగపిల్లలు" అన్నారు బాబాయి.

"మరి ఆవిడ పేరు ఎవరూ చెప్పరేం?"

దీనికి మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. తరువాత బాబాయి చెప్పినది ఇది. సెర్దాన్ పోయిన పిమ్మట పియాఫ్ స్వయంగా ఆ మారినెత్‌తో స్నేహం కలుపుకొని, ఆమెనూ పిల్లలనూ పారిస్‌లో తన ఇంటికి పిలిపించుకొని ఆదరించిందట. పెద్దకొడుకు పేరు కూడా మార్సెలే; అతడూ బాక్సింగు ఆడాడు. 1983లో లెలూష్ తీసిన "ఎదిత్, మార్సెల్" చిత్రంలో తండ్రి వేషం ఆ కొడుకే వేశాడు. ఆ చిత్రం చూడడానికి చినతాతగారు బాబాయిని వెంటబెట్టుకొని వెళ్ళి, దీపాలు వెలిగిన తరువాత కూడా కుర్చీలోంచి లేవలేదట. "నవ్వు అదేరా, అన్నయ్య చూస్తే బాగుండును" అన్నారట. ఆ ఇంట్లో తాతగారి ప్రస్తావన వినబడడం బాబాయికి అదే మొదలు.

ప్రపంచ బిరుదు సెర్దాన్ దగ్గర తొమ్మిది నెలలు కూడా నిలవలేదు. 1949 జూన్ 16న డెట్రాయిట్‌లో జేక్ లమొట్టాతో పోటీ. మొదటి రౌండులోనే లమొట్టా అతన్ని పట్టి కింద పడవేశాడు. ఎడమ భుజం దెబ్బతింది. ఆ భుజంతోనే, దాదాపు ఒంటిచేత్తో, తొమ్మిది రౌండ్లు నిలిచాడు. పదో రౌండుకు లేవలేదు. తాను ఆడిన మొత్తం పోటీలలో నూరుకు పైగా గెలిచి, సెర్దాన్ ఓడినవి నాలుగే. అందులో రెండు నిబంధన తప్పాడని తోసివేసినవి. నిజంగా ఓడింది దెలన్వాకూ, లమొట్టాకూ మాత్రమే.

బిరుదు తిరిగి తెచ్చుకోవడానికి మళ్ళీ పోటీ సెప్టెంబరుకు కుదిరింది. ఈసారి లమొట్టాకు దెబ్బ తగిలి డిసెంబరు 2కు వాయిదా పడింది. పియాఫ్ అప్పుడు న్యూయార్కులో పాడుతున్నది. ఓడలో కాక విమానంలో త్వరగా రమ్మని ఆమె కోరిందని చెబుతారు. అక్టోబరు 27 రాత్రి ఓర్లీ విమానాశ్రయంలో విమానం నిండిపోయి ఉంటే, కొత్తగా పెళ్ళయిన జంట ఒకటీ, మరొకామే తమ చోట్లు సెర్దాన్‌కూ అతని ఇద్దరు స్నేహితులకూ వదిలి దిగిపోయారు. అట్లాంటిక్ నడుమ పోర్చుగలువారి అజోర్స్ దీవులున్నాయి. అందులో సాంతా మరియాలో విమానం ఆగి నూనె పోసుకోవాలి. తెల్లవారకముందు, దారి లెక్క తప్పి, పక్కదీవి సావో మిగెల్‌లోని కొండకు కొట్టుకుంది. 48 మందిలో ఒక్కరూ మిగలలేదు. వారిలో ముప్పై ఏళ్ళ పేరుగొన్న వయొలిన్ విద్వాంసురాలు జినెట్ నెవో, ఆమె అన్న కూడా ఉన్నారు. ఆ రాత్రి కూడా పియాఫ్ వేదిక ఎక్కి పాడింది.

సెర్దాన్‌ను కాసాబ్లాంకాలో సమాధి చేశారు. అక్కడ 1955లో తెరిచిన పెద్ద ఆటమైదానానికి అతని పేరే పెట్టారు. మరుసటి ఏడు మొరాకో స్వతంత్రమైంది. మైదానం పేరు మారింది. ఇప్పుడది రాజు ఐదవ మొహమ్మద్ పేరుతో ఉంది. పరాయివారు పెట్టిన పేర్లను సొంతవారు మార్చుకోవడం న్యాయమే. యానాంలో మేమూ మార్చుకున్నాము. అయితే పేరు మార్చిన చోట ఆ పేరుగల సమాధి ఒకటి మిగిలిపోతుంది. చూడడానికి వచ్చేవారు తగ్గిపోతారు. కొడుకులు, మనుమలు వేరే దేశంలో ఉంటారు.

అక్టోబరు 28 పొద్దున్నే పారిస్ నుంచి పెర్పిన్యాన్ రైలెక్కాము. ఐదు గంటల ప్రయాణం. స్టేషను దగ్గర అంగళ్ళ నిండా కుండీలలో చేమంతులు. మా ఇంటావిడకు ప్రాణం లేచివచ్చింది. ఇన్నాళ్ళకు పూజకూ తలలోకీ మన పూలు దొరికాయని, పిన్నిగారికి కూడా ఒక కుండీ కొంటానంది. బాబాయి ఆపారు. "ఇక్కడ చేమంతులు ఇంటికి తీసుకుపోరమ్మా. నవంబరు మొదట్లో పెద్దల పండుగ. ఇవి సమాధుల మీద పెట్టేవి." ఆమె కాసేపు ఆలోచించి, "అయితే ఈవేళ కొనవచ్చుగా" అని పచ్చచేమంతుల కుండీ ఒకటి కొని ఒళ్ళో పెట్టుకు కూర్చుంది.

నార్బోన్ దాటాక రైలుకు రెండు పక్కలా నీళ్ళు. సముద్రపు ఉప్పునీరు లోపలికి చొచ్చుకొచ్చి నిలిచిన మడుగులు, వాటిలో గులాబిరంగు కొంగలు. కోరంగి పక్కన మడ దాటుతున్నట్టే ఉంది. ఇక్కడినుంచి స్పెయిన్ సరిహద్దు చాలా దగ్గర. ఊరిలో దిగేసరికి ఎముకలు కొరికే గాలి. దానికి "త్రమోంతాన్" అని పేరుంది. పడమర దిక్కున కనిగూ కొండ.

పెర్పిన్యాన్‌లో అల్జీరియా నుంచి వచ్చినవారు చాలామంది. 1962 జులైలో అల్జీరియా స్వతంత్రమయ్యాక, తరతరాలుగా అక్కడ పాతుకొన్న ఫ్రెంచివారూ స్పానిష్‌వారూ లక్షలమంది రెండు పెట్టెలతో ఓడలెక్కి వచ్చేశారు. మా చినతాతగారు రాసి ఇచ్చింది కూడా ఆ రోజుల్లోనే. అదే సంవత్సరం, అదే ప్రభుత్వం, అదే ప్రశ్న: ఏ జెండా కింద ఉంటావు? సెర్దాన్ 1949లోనే పోయాడు గనక ఎవరూ ఆయన్ని ఆ ప్రశ్న అడగలేదు.

శ్మశానానికి పోయే దారిలో బాబాయి ఒక మాట చెప్పారు. ఈ జిల్లాలోనే, ఆ కొండల వెనక, సెర్దాన్యా అనే ఎత్తయిన లోయ ఉంది. సగం ఫ్రాన్సుది, సగం స్పెయిన్‌ది. సెర్దాన్ అంటే ఆ లోయవాడు అని అర్థం. మాకు ఒళ్ళు జలదరించింది. ఇంటిపేరు! మన తాడేపల్లివారు, వేమూరివారు లాగానే అన్నమాట. ఆయన పూర్వులు ఎప్పుడు, ఏ దారిన ఆఫ్రికా చేరారో చెప్పడానికి మేము చరిత్రకారులము కాము. కాని ఆ ఇంటిపేరు మాత్రం ఈ లోయది. ఆయన బతికి ఉండగా దాన్ని తలచుకున్నాడో లేదో! బరంపురంలో, హోసూరులో, ఖరగ్‌పూరులో మనవారు ఎందరు ఎన్నడూ చూడని ఊరి పేరు రోజూ సంతకంలో రాసుకుంటూ బతకడం లేదు?

సమాధి గొప్పగా ఏమీ లేదు. పేరు, సంవత్సరాలు. మా ఇంటావిడ చేమంతులు పెట్టి, అలవాటుకొద్దీ రెండు చేతులూ జోడించింది. మేము తాతగారి బొమ్మను రాతికి ఆనించి ఒక నిమిషం నిలబడ్డాము. డెబ్బై నాలుగేళ్ళ కిందట అదే తేదీన ఆయన పోయాడు.

అప్పుడు బాబాయి మావైపు చూడకుండానే అడిగారు: "ఏరా, మా నాన్న పెద్దనాన్నకి ఒక ఉత్తరం రాశాడు. అందిందా?"

"అందింది బాబాయ్."

"ఆయన అందలేదనుకొనే పోయాడు. ఏడాదిపాటు టపావాణ్ణి అడుగుతూనే ఉండేవాడు."

మేము సంచీలోంచి ఆ ఉత్తరం తీసి ఇచ్చాము. కవరు అంచులు చిరిగి, మడతల దగ్గర పలచబడి ఉంది. రెండుసార్లు చదివి పెట్టెలో వేసిన ఉత్తరం అలా పలచబడదు. పెట్టె తీసినప్పుడల్లా తాతగారు దాన్ని విప్పి చదువుకుని ఉండాలి. జవాబు ఎందుకు రాయలేదో మాకు తెలియదు. ఏమి రాయాలో తోచక కావచ్చు. ముప్పై ఏళ్ళ మౌనాన్ని ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక కావచ్చు. బాబాయి వేలితో ఆ మడతలు తడిమి చూచారు. ఆయనకూ అర్థమైనట్టుంది. "చాలాసార్లు చదివాడు" అన్నారు. మళ్ళీ దాన్ని మా చేతికే ఇచ్చి, "మీ పెట్టెలోనే ఉండనీ. అక్కడికి రాసినదే గదా" అన్నారు.

ఆ బొమ్మను మాత్రం బాబాయి దగ్గర వదిలి వచ్చాము. ఆయన మనుమడు ఆ సాయంత్రం దాన్ని చూచి, "ఈయన మన చుట్టమా?" అని ఫ్రెంచిలో అడిగాడు. చిన్నప్పుడు మేము అనుకున్నదే. బాబాయి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని జెర్సీ సిటీ పోటీ మొదటి రౌండు నుంచి చెప్పడం మొదలుపెట్టారు. మేము వింటూ పదకొండో రౌండు దాకా మేలుకొనే ఉన్నాము.

యానాం తిరిగివచ్చాక మొదట చేసిన పని, బాబాయికి ఉత్తరం రాయడం. ఫోను ఉంది, నిజమే. అయినా కాగితం మీదే రాశాము. క్షేమసమాచారాలు రెండు వాక్యాలు. తక్కిన ఉత్తరమంతా మా ఇంటిపేరు ఏ ఊరిదో, ఆ ఊరు ఎక్కడుందో, ఇద్దరం కలిసి ఎప్పుడు పోయి చూద్దామో అన్న సంగతే. పదిహేను రోజులలో జవాబు వచ్చింది. వచ్చే సంక్రాంతికి వస్తానన్నారు.